ఇక్కడినుంచే తిరుగు

“వాన ఏటవాలుగా కొడుతోంది, ఇవాళ ఇక్కడినుంచే తిరుగు” అన్నాడు మా బావ, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ. “గొడుగైనా పట్టుకెళ్ళు బావా” అన్నాను నేను. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. అంత కాపురంలో ఎన్నెన్ని మాటలు అనుకున్నామో, చివరికి మిగిలినవి ఆ వానా, ఆ గొడుగూ.

ఇన్నేళ్ళకు ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానంటే, ఇక్కడ సింగపూర్ యూనివర్సిటీలో చదువు ముగించిన మా అన్నయ్య కూతురికి ఆఫ్రికాలో పనిచేయడానికి రెండేళ్ళ ఫెలోషిప్ వచ్చింది. నిన్న ఆంగ్ మో కియోలో మా ఫ్లాటుకు పెట్టెతో సహా వచ్చి, బట్టలు మడతపెట్టుకుంటూ, “అత్తా, మామయ్య కూడా పెళ్ళికి ముందు అటే వెళ్ళాడటగా, ఏం చేశాడక్కడ?” అని అడిగింది. నాకు ఐదో తరగతితోనే చదువు ఆగిపోయింది, కూడబలుక్కుని చదువుతాను గానీ రాయలేను, అందుకని నేను చెబుతుంటే అది రాస్తోంది. నా ఈడు వాళ్ళు ఎవరైనా చదివితే, నేను చెప్పలేక వదిలేసింది కూడా వాళ్ళకు తెలుస్తుందని నా ఆశ.

మా బావ అంటే మా మేనత్త కొడుకే. వ్యవసాయం బీఎస్సీ పూర్తిచేసి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, మలావీ అనే దేశానికి పట్టభద్రులను పంపుతున్నారని తెలిసి, ఇంట్లో అందరూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా వెళ్ళాడు. తనతోపాటు ఇంకో ముగ్గురు మన కుర్రాళ్ళు. పల్లెల్లో చేతిపంపులు వేయడం, అవి పాడైతే ఆ ఊరి ఆడవాళ్ళే విప్పి బిగించుకునేటట్టు నేర్పడం వాళ్ళ పని.

అక్కడికి వెళ్ళిన కొత్తలో ఒక ముసలామె బావను భోజనానికి పిలిచిందట. తిని లేచాక ఆమె కూడా వెంట నడిచింది. ఈమెకు ఇటువైపు ఏదో పని ఉన్నట్టుందిలే అనుకుని, పెద్దావిడ కదా అని అడగడానికి మొహమాటపడి, మా బావ తన గది దాకా కబుర్లు చెబుతూ తీసుకొచ్చేశాడు. తీరా చూస్తే ఆమెకు ఏ పనీ లేదు. పొయ్యిమీద కుండ వదిలేసి వచ్చింది పాపం. ఇంటికొచ్చినవాళ్ళను సగం దారి దాకా సాగనంపడం అక్కడి మర్యాదట, ‘ఇక తిరుగు’ అని వెళ్ళేవాళ్ళే చెప్పాలట, అది చెప్పేదాకా సాగనంపేవాళ్ళు ఆగకూడదట. ఆ సంగతి తెలిసి బావ సిగ్గుపడి మళ్ళీ ఆమెను వాళ్ళ ఇంటి దాకా దిగబెట్టి వచ్చాడట. ఊరంతా నాలుగు రోజులు నవ్వారని చెప్పి, చెప్పిన ప్రతిసారీ తనూ నవ్వేవాడు.

తిరిగొచ్చాక మా పెళ్ళయింది. కొన్నాళ్ళు ఎరువుల కొట్లూ, విత్తనాల కంపెనీలూ అంటూ తిరిగాడు. ఆ తర్వాత అందరూ కంప్యూటర్ల వెంట పడ్డారు. అమీర్‌పేటలో ఇరుకు గదుల్లో చంటిపిల్లల తండ్రులు కూడా పుస్తకాలు పట్టుకుని కూర్చునే రోజులవి. మా బావా నేర్చుకున్నాడు, ఆ స్నేహితులూ నేర్చుకున్నారు. పంపులు విప్పిన చేతులతోనే ఒకాయన బ్యాంకు కంప్యూటర్లు చూడటానికి ఇక్కడికొస్తే, ఆయన వెనకాలే బావ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసులో చేరాడు, ఇంకొకాయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు పనికి వచ్చాడు. నాలుగో ఆయన హైదరాబాదులోనే ఉండి కంపెనీ పెట్టాడు, ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే ముందు ఇంకెవరితోనో మాట్లాడాలి.

దేశం మారింది, పని మారింది, బావకు ఆ ఒక్క అలవాటు మాత్రం పోలేదు. మా ఇంటికి ఎవరొచ్చినా, ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడైనా సరే, లిఫ్టు దిగి సగం దారి సాగనంపేవాడు. మా అమ్మాయి ఇక్కడే పెరిగింది కదా, “నాన్నా, లిఫ్ట్ ఉంది లా, దే నో ద వే!” అని ఇక్కడి యాసలో తలబాదుకునేది. పొద్దున్నే బావ ఆఫీసుకు బయల్దేరితే నేను సాగనంపేదాన్ని. మా బ్లాకునుంచి రైలు స్టేషనుకు సగం దారిలో సిగ్నల్ ఉంది, పక్కనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో అరటిపండు బజ్జీలు వేసే చైనా ఆంటీ కొట్టు. అక్కడికొచ్చాక బావ ఆగి, “ఇక తిరుగు” అనేవాడు. ఆ ఆంటీ మమ్మల్ని చూసి, “యువర్ హస్బెండ్ స్కూల్ బాయ్ ఆ? ఎవ్రీడే మస్ట్ సెండ్!” అని పెద్దగా నవ్వేది. మొగుణ్ణి బడిపిల్లాడిలా రోజూ దిగబెడుతున్నానని. నాకు అర్థమైన మొదటి ఇంగ్లీషు ఎగతాళి అదే.

ఆ రోజు పెద్ద వాన. అప్పటికి ఆ దారికి కప్పు లేదు. నాకు ముందు రోజు జ్వరం తగిలిందని గుమ్మంలోనే ఆపేశాడు. రాఫెల్స్ ప్లేస్‌లో రైలు దిగి, పైకెళ్ళే మెట్ల దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడట. గొడుగు చేతిలోనే ఉందట.

ఆగవే, కాసిని నీళ్ళియ్యి.

బావను కడసారి మా బ్లాకు కిందనుంచే తీసుకెళ్ళారు. బండి మెల్లగా కదిలింది, వెనకాల కొంచెం దూరం నడవడం ఇక్కడ చైనావాళ్ళ పద్ధతి కూడాను. ఆ తర్వాత అందరూ మండాయ్ శ్మశానానికి వెళ్ళే బస్సెక్కారు. మలావీ నాటి స్నేహితులిద్దరూ ఎక్కలేదు. ఒకాయన బ్యాంకు బూట్లతో, ఇంకొకాయన ప్లాంటునుంచి అలాగే వచ్చిన బట్టలతో, బండి వెనకాలే నడిచారు. నేనూ నడిచాను. సిగ్నల్ దగ్గరికొచ్చాం. బజ్జీల ఆంటీ చేతిలో జల్లిగరిటె పట్టుకుని నిలబడిపోయింది, ఆ రోజు నవ్వలేదు. మేం ముగ్గురం ఆగలేదు. ఎలా ఆగుతాం? ‘ఇక తిరుగు’ అనాల్సినవాడు మాట్లాడడు కదా. చివరికి బ్యాంకాయన నా ముందుకొచ్చి నిలబడి, రెండు చేతులూ జోడించి, “చెల్లెమ్మా, వాడి మాటగా నేను చెబుతున్నాను, ఇక తిరుగు తల్లీ” అని భోరుమన్నాడు. నేను తిరగలేదు. మా అమ్మాయి బస్సు దిగొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

అప్పటినుంచీ ఒక్కటే తొలుస్తోంది. నేను వెనక్కి తిరగడానికి ఆ పొద్దున గుమ్మంలో బావ అన్న మాటే సెలవా? లేక ఇంకా నేను బావ వెంట నడుస్తూనే ఉన్నానా?

ఇప్పుడు స్టేషను దాకా దారంతా కప్పు వేశారు, ఎంత వానలోనైనా చుక్క పడకుండా వెళ్ళొచ్చు. వెళ్ళొచ్చు గానీ, ఎవరూ ఎవరి వెంటా నడవరు. ఫోన్లో కారు పిలుచుకుంటారు, తలుపు దగ్గరే బై అంటారు, లిఫ్టు మూసుకుంటుంది. ఆ స్నేహితులిద్దరూ కూడా పండక్కి ఫోన్లో బొమ్మ పంపిస్తారు, అంతే. వాళ్ళనేం అంటాం, అందరికీ వయసులొచ్చాయి. ఆ బజ్జీల కొట్టు ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నేను మాత్రం ఆ కప్పు కిందనుంచి వెళ్ళినప్పుడల్లా, ఇది అప్పుడే వేసుంటే ఏం పోయేదని పైకి చూస్తాను.

రేపు నువ్వు బయల్దేరినప్పుడు మా అమ్మాయి, అదే మీ వదిన, కారు పిలుస్తానంటుంది, వద్దను. పెట్టె దొర్లించుకుంటూ నడుద్దాం. సిగ్నల్ దగ్గరికి రాగానే ఆగి, “ఇక తిరుగు అత్తా” అని నువ్వే చెప్పాలి, నోరారా చెప్పాలి, మరిచిపోకు.

ఏదీ, రాసింది మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. గుమ్మంలో మీ మామయ్య అన్న మాట దగ్గర మాత్రం కొంచెం మెల్లగా చదువు.