మధ్యాహ్నం నేనొక్కదాన్నే తిన్న అన్నం

సాంబారు డబ్బా తేవడానికి బేస్‌మెంట్‌లోకి దిగినదాన్ని మళ్ళీ మెట్లెక్కలేకపోయాను. అలా మొదలైంది. డిసెంబరు నెల, బయట మోకాలి లోతు మంచు. ఫ్రీజర్ మూత తీసి గడ్డ కట్టిన డబ్బా చేతిలోకి తీసుకున్నానో లేదో, బొడ్డు చుట్టూ తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టింది. కింది మెట్టు మీదే కూలబడ్డాను. నాలుగేళ్ళ మా స్వాతి పైనుంచి "మమ్మీ, ఆర్ యూ కమింగ్?" అని అరుస్తోంది. నాలుక మీద ఇనపముక్క చప్పరించినట్టు రుచి. డబ్బా ఒళ్ళోనే కరిగి చీరంతా తడిసింది.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. మేముండేది మిషిగన్‌లో, ట్రాయ్‌లో. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. స్నోలో డ్రైవ్ చేయాలంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఇండియన్ కొట్టు చూస్తే ఎక్కడో ఫ్రీవే దాటి ఉంది. అందుకని చెట్ల ఆకులు రంగు మారగానే నేనూ, మా వీధిలోనే ఉండే సరళా కలిసి చలికాలానికి వంటలు మొదలుపెట్టేవాళ్ళం. ఉడికించి మెదిపిన కందిపప్పు, సాంబారు, ఇడ్లీ పిండి, కొబ్బరి కోరు, రైతుల మార్కెట్లో బుట్టలకొద్దీ కొన్న వంకాయలతో కూర, అన్నీ ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లోకి తోసేవాళ్ళం. బేస్‌మెంట్ అరల మీద కారప్పొడులు, అప్పడాలు, పులిహోర పులుసు.

పులుసు మాత్రం జాడీలోనే. పులుపూ ఉప్పూ లోహానికి తగలకూడదని మా అమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని, ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు. ఇండియా నుంచి తెచ్చుకున్న జాడీ ఇల్లు మారేటప్పుడు పగిలిపోతే, ఆ ఎండాకాలం ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో నీలంరంగులో నిగనిగలాడే పెద్ద జాడీ దొరికింది. ఎక్కడో టూర్‌కెళ్ళినప్పుడు కొన్నామనీ, షోకి పెట్టుకున్నామనీ చెప్పింది అమ్మిన ముసలావిడ. "బంగారంలాంటి జాడీని షోకి పెట్టుకుంటారా, వీళ్ళ మొహం మండ!" అంది సరళ కార్లో. నాకూ నిజమే అనిపించింది.

ఇక నొప్పి సంగతి. అది రావడం, పోవడం, మళ్ళీ రావడం. మలబద్ధకం. తలపోటు. స్వాతికి జడ వేస్తుంటే చేతులు లాగేసేవి. మా స్నేహితుల్లో ఒక తెలుగు డాక్టరు గారు ఉండేవారు, పండగలకి మా ఇంట్లోనే భోజనం చేసేవారు. ఆయన క్లినిక్‌కే వెళ్ళాను. పొట్ట నొక్కి చూశారు, ఎక్స్‌రే తీయించారు, బ్లడ్ టెస్ట్ చేయించారు.

"కొంచెం ఎనీమియా ఉందమ్మా. ఐరన్ టాబ్లెట్స్ వేసుకో. మిగతాదంతా నెర్వ్స్. వింటర్‌లో మన ఆడవాళ్ళందరికీ ఇంటి మీద బెంగ, అంతే."

"బెంగకి నోట్లో ఇనుము రుచి వస్తుందాండీ?"

ఆయన నవ్వి మా ఆయన వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

అప్పట్నుంచీ నాకు ప్రతిదాని మీదా అనుమానమే. తిన్నదాన్లోనే ఏదో ఉందని నా మనసు చెబుతోంది. సరళ తెచ్చిన సాంబారు పొడి వాసన చూసేదాన్ని. దాని రంగు మరీ ఎర్రగా ఉందనిపించేది. పాలు మార్చాను, నూనె మార్చాను. పంపు నీళ్ళు గ్లాసులో పట్టి కిటికీ దగ్గర పెట్టి చూసేదాన్ని. మా ఆయన ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు విసుక్కున్నారు.

"పద్మా, ముగ్గురం ఒకే ఫ్రీజర్‌లోది తింటున్నాం. నాకేం కాలేదు, పాపకేం కాలేదు. తిండిలో ఉంటే నీ ఒక్కదానికే ఎందుకొస్తుంది?"

సరళ అయితే మొహం మీదే అనేసింది. "ఏమే, అనుమానం పెనుభూతం అన్నారు. నా సాంబారు పొడి తిని మా ఇంట్లో నలుగురం దుక్కల్లా ఉన్నాం." తర్వాత చాలా రోజులు ఫోన్ చేయలేదు. నాకు నిజంగా భయం పట్టుకుంది. చచ్చిపోతానని కాదు. చచ్చిపోయే లోపు నన్ను పిచ్చిదాని కింద జమకట్టేస్తారని, నా పిల్ల అదే నమ్ముతూ పెరుగుతుందని.

ఫిబ్రవరిలో నొప్పి ఎంత ముదిరిందంటే, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. అపెండిక్స్ అనుకుని ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నారు. ఒక రెసిడెంట్ డాక్టరు, చిన్నవాడు, నా రక్తం మైక్రోస్కోప్ కింద చూసి వచ్చి ఆపరేషన్ ఆపించాడు. ఎర్రకణాల్లో నీలం చుక్కలు ఉన్నాయట. ఇంకో టెస్ట్ చేయించి, మర్నాడు నా మంచం పక్కన నిలబడి, "ఇట్స్ లెడ్. యూ హావ్ లెడ్ పాయిజనింగ్" అన్నాడు.

లెడ్ అంటే సీసం. నేను ఏడ్చాను. విషం ఉందని చెబితే సంతోషంతో ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నెర్వ్స్ కాదు! బెంగ కాదు! ఆ తెలుగు డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పమని మా ఆయన్ని అప్పటికప్పుడు పోరాను.

ఈడీటీఏ అని ఒక మందు సెలైన్‌లో ఎక్కించారు. దానితోపాటు తొడకి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది చూశారూ, పగవాళ్ళకి కూడా వద్దు. ఇంకోపక్క పోలీసుల్లా ప్రశ్నలు. ఇల్లు పాతదా, పెయింట్ ఊడుతోందా? కాదు, కొత్త ఇల్లు. కాటుక పెట్టుకుంటారా? తీసుకెళ్ళి టెస్ట్ చేశారు, ఏమీ లేదు. ఇండియా మందులు? లేవు. మట్టిపాత్రల్లో వండుతారా? "నో, ఓన్లీ స్టీల్" అన్నాను గర్వంగా. రోజూ ఏం తింటారు? ఇడ్లీ, పప్పు, కూర, సాంబారు, పెరుగు, అన్నీ చెప్పాను. "మీ హస్బెండ్ బ్యాటరీలతో పనిచేస్తారా?" అని అడిగేసరికి నా అనుమానం ఆయన చొక్కాల మీదికి మళ్ళింది. ఆయన రక్తమూ పరీక్ష చేశారు. శుభ్రంగా ఉంది. స్వాతిది కూడా తీశారు. ఆ రిపోర్ట్ వచ్చేదాకా నా గుండె గుండెలో లేదు. అదీ మామూలుగానే ఉంది.

లెవెల్ తగ్గిందని ఇంటికి పంపారు. వచ్చిన వెంటనే నేను చేసిన పని, ఫ్రీజర్ ఖాళీ చేయడం. ఐస్‌క్రీమ్ డబ్బాల మీది రంగుల్లో సీసం ఉందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. చలికాలమంతటికీ దాచిన వంట మొత్తం నల్ల సంచుల్లోకి పోసేశాను. మా ఆయన సంచులు మోస్తూ, "ఆ వంకాయ కూరైనా ఉంచవే" అన్నారు దీనంగా. ఉంచలేదు. రాత్రిళ్ళకి ఆయనే ఏదో అప్పటికప్పుడు వండేవారు. ఇక మధ్యాహ్నాలు, ఆయన ఆఫీసులో ఉంటే, స్వాతికి పెరుగన్నం పెట్టి, నేను ఎప్పట్లాగే ఇంత పులుసు కలుపుకుని తినేదాన్ని. నా చేతులతో కాచింది, జాడీలో దాచింది. ఇంట్లో నేను నమ్మింది దాన్నొక్కదాన్నే.

నెల తిరిగేసరికి మళ్ళీ నొప్పి. లెవెల్ మొదటిసారికంటే ఎక్కువైంది. పెద్ద డాక్టరు ఫైలు మూసి, "మేడమ్, ఇట్ ఈజ్ ఇన్ యువర్ హౌస్. మీరు దాన్ని కనిపెట్టకపోతే నేను ఎన్నిసార్లు బాగుచేసినా లాభం లేదు" అన్నాడు. పిల్లని ఆ ఇంట్లో ఎలా పెట్టుకోవాలి? స్వాతిని సరళ ఇంట్లో వదిలాం. సరళ అలక మానకపోయినా పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది.

రెండోసారి మందు ఎక్కించుకుని వచ్చాక మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. ఇప్పుడు అనుమానం ఆయనది. నేను ముట్టుకున్న ప్రతిదీ తిప్పి తిప్పి చూసేవారు. మధ్యాహ్నమైంది. ఆయనకి చపాతీలు చేసి పెట్టి, నేను కంచంలో అన్నం పెట్టుకుని, జాడీ మూత తీసి గరిటె ముంచాను.

"ఆగు. అదేంటి?"

"పులుసండీ."

"రోజూ ఇదే తింటావా?"

"ఒక్కదానికోసం మళ్ళీ వండుకోవడం ఎందుకని... ఏదో ఇంత కలుపుకుంటా. ఇదీ ఒక తిండేనా?"

"డాక్టరుకి చెప్పావా?"

చెప్పలేదు. దాచాలని కాదు. వాళ్ళు ఏం తింటావని అడిగారు, నేను ఇంట్లోవాళ్ళకి ఏం పెడతానో చెప్పాను. ఎవరూ లేనప్పుడు కలుపుకున్న ముద్ద భోజనమని నాకు తోచనే లేదు.

ఆయన కంచం లాక్కుని, పులుసంతా వేరే గిన్నెలోకి వంచి, జాడీని వెలుతురులో పట్టుకున్నారు. పైన నిగనిగలాడుతోంది. పులుసు నిలిచిన మేర మాత్రం లోపలి మెరుగు చచ్చిపోయి, పట్టుకుంటే గరగరలాడుతోంది. దాన్నీ పులుసునీ ల్యాబ్‌కి పంపాం. ఫలితం ఫోన్‌లో చెప్పారు. మెరుగు కోసం జాడీకి పూసిన పూతలో సీసం. చింతపండు పులుపు దాన్ని కొద్దికొద్దిగా కరిగించి నాకు వడ్డించింది. నేను లోహానికి తగలనివ్వకుండా కాపాడిన పులుసు అది!

డాక్టరు, "మీ పాప ఇది తినదా?" అని అడిగాడు. తినదు. పులుపంటే మొహం తిప్పేసేది, మధ్యాహ్నం పెరుగన్నం తప్ప ముట్టేది కాదు. అందుకని రోజూ దాన్ని తిట్టిపోసేదాన్ని. ఆ రాత్రి సరళ ఇంటి నుంచి పిల్లని తెచ్చుకుని, అది నిద్రపోతుంటే పాదాలకి ముద్దులు పెట్టుకున్నాను.

తర్వాత చాలాకాలం మాత్రలు మింగాను. సీసం ఎముకల్లో దాక్కుంటుందట, మెల్లగా గానీ బయటికి రాదు. ఇప్పుడు చేతులు మునుపటిలా పనిచేస్తున్నాయి, రక్తం బాగుంది. ఏడాదికోసారి టెస్ట్ చేయించుకుంటాను. స్వాతి స్కూలుకెళ్తోంది, ఇప్పటికీ పెరుగన్నమే. ఆకులు రంగు మారగానే నేనూ సరళా మళ్ళీ ఫ్రీజర్ నింపుతున్నాం, సాంబారు పొడి ఆవిడదే. పులుసు గాజు సీసాల్లో పోస్తున్నాను. ఆ జాడీని చెత్తలో పడేస్తే ఇంకెవరైనా ఏరుకుని పచ్చడి పెడతారని, మా ఆయన అడుగున డ్రిల్ చేసి కన్నం పెట్టారు. అందులో కరివేపాకు మొక్క వేద్దామన్నారు. నేను ఒప్పుకుంటానా! ప్లాస్టిక్ పూలు పెట్టాను.

ఎక్కడ తయారైందో తెలియని పాత్రలో పులుపు పెట్టకండని వేరే చెప్పక్కర్లేదు, మీకే అర్థమై ఉంటుంది. నేను చెప్పదలచుకున్న మాట ఇంకోటి. ఏం తింటారని డాక్టరు అడిగితే, అందరితో తిన్నది తర్వాత, ఒక్కరే ఉన్నప్పుడు తిన్నది ముందు చెప్పండి.

మొన్న సరళ ఫోన్ చేసింది. రెండ్రోజులుగా కడుపులో మంటగా ఉందట.

"మధ్యాహ్నం ఏం తిన్నావే?" అన్నాను.

"ఏముంది, పిల్లలు స్కూల్లో, ఆయన ఆఫీసులో. ఏమీ తినలేదు."

"ఆ తినని దాన్లో ఏమేం కలుపుకున్నావో చెప్పు ముందు," అన్నాను.