పక్కింటావిడ ఊరి వార్తలు

ఆవిడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా పక్కింటి పెద్దావిడ పుట్టింది బ్రిటన్‌లోని వేల్స్‌లో, సముద్రం ఒడ్డునున్న చిన్న ఊళ్ళో. ఆస్ట్రేలియా వచ్చి నలభై ఏళ్ళు దాటినా, పొద్దున్నే ఆ ఊరి వార్తలు చదవనిదే టీ గొంతు దిగేది కాదు. చదువుతూ టాబ్లెట్‌ని వేలి కణుపులతో ఠకఠకా కొట్టేది. అక్కడి బీచ్‌లో టాయిలెట్లు మూసేశారనీ, పాత లైఫ్‌బోట్ షెడ్డు హోటల్ వాళ్ళకి అమ్మేస్తున్నారనీ నన్ను ఫెన్స్ దగ్గరికి పిలిచి మరీ ఆ ఊరి అధికారుల్ని తిట్టేది.

"అడిగేవాళ్ళు లేరనేగా ఆంటీ వాళ్ళ ధైర్యం!" అని నేనూ వంత పాడేదాన్ని.

ఒకరోజు ఇద్దరం ఇక్కడి బీచ్‌కి ఈతకి వెళ్ళాం. రాళ్ళ మధ్య కట్టిన సముద్రపు నీటి కొలను గేటుకి తాళం వేసి ఉంది. కొలను మూసేస్తున్నాం, అభ్యంతరాలుంటే చెప్పమని ఊరి కౌన్సిల్ ముందే ఇంటింటికీ ఉత్తరం వేసిందని గేటు మీద నోటీసు. ఒక్కరూ చెప్పలేదట. నా ఉత్తరం విప్పకుండానే రీసైక్లింగ్ బిన్‌లో పడేశాను. ఆవిడది టీ కప్పు కింద ఉండగా నా కళ్ళతో చూశాను.

"నువ్వైనా నాకు చెప్పొద్దా?" అని నా మీద విరుచుకుపడింది.

"నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నది మీరు ఆంటీ, నేను కాదు!" అని అరిచాను.

ఆవిడ అటు తిరిగింది. తాళం వేసిన గేటుని వేలి కణుపులతో ఠకఠకా కొట్టింది.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, అలవాటు కొద్దీ ఫోన్‌లో నేను పుట్టిన భీమిలి వార్తలు తెరిచాను.