ఉప్పు ముట్టని మేకలు

కనుమ దిగుతున్నాను. మూడో మలుపులో మేకల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. కొమ్ముల మధ్య సందు వెతుక్కుంటూ ఉంటే, రాతిగోడ పక్కనుంచి ఒకామె కర్ర అడ్డం పెట్టింది.

"ఎవరన్నా నువ్వు? మ్యూజియం మనిషివా?"

"కాదమ్మా. నడిచిపోయేవాణ్ని."

"బస్సుండగా నడిచేవాడు పిచ్చోడన్నా కావాలి, పోలీసన్నా కావాలి."

"మొదటిదే అనుకో."

ఆమె నవ్వలేదు. చూపంతా దిగువ మలుపు మీదే ఉంది. అరవై దాటిన మనిషి, తలగుడ్డ వానకు తడిసి నుదుటికి అంటుకుంది.  

గోడ మీద మనిషెత్తులో రోమనుల శాసనం, ఏడు వరుసలు. టర్కీలోని ఈ తోరోస్ కొండల్లో ఇలాంటివి చాలానే చదివాను. అన్నింటిలోనూ ఒకటే సంగతి: ఫలానా చక్రవర్తి ఏలుబడిలో ఫలానా అధికారి కొండ తొలిపించి బాట వేయించాడు. రాళ్లు మోసినవాడి పేరు ఒక్కచోటా కనబడలేదు. ఇప్పటి వంతెనల మీది ఫలకాలూ అంతే కదా.

శాసనం కింద బల్లపరుపు బండ, దాని మీద దోసెడు ఉప్పు వానకు కరుగుతోంది. మేకలు మెడలు చాచి వాసన చూస్తున్నాయి, వెనక్కి అడుగేస్తున్నాయి.

"మూడు రోజులైంది," అంది. "మా అమ్మ ఈ బండ మీదే పోసేది, మా అమ్మమ్మా ఇక్కడే. ఎగబడి నాకేవి. ఇప్పుడు ముట్టట్లా."

అప్పుడే నా పాదాల కిందనుంచి ఇనుము రాయిని కొట్టిన చప్పుడు వచ్చింది. ఆమె నా మొహం చూసింది.

"విన్నావు."

"విన్నాను."

"ఇంక దాచేదేముంది. లోపల మా తమ్ముడు."

ఆమె పేరు దోందూ. ఆ మాటకు 'మళ్లింది' అని అర్థం. వరసగా నాలుగో ఆడపిల్ల పుడితే, ఇకనైనా దారి మళ్లి మగపిల్లాడు పుడతాడని ఆ పేరు పెట్టారు. మళ్లింది కూడా. తర్వాత పుట్టినవాడు సాటిల్మిష్. బతికితే చాలని దర్గాకు 'అమ్మేసిన' బిడ్డ కాబట్టి వాడికి ఆ పేరు. తల్లి పోయాక వాణ్ని వీపున కట్టుకుని మేకలు కాసింది దోందూయే. పెళ్లయింది. భర్త బెకిర్ ఈ రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె రొట్టె పట్టుకొచ్చేసరికి కొండ లోపల పళ్లు నూరిన చప్పుడైంది. అంతే, బెకిర్ రాళ్ల కింద ఉండిపోయాడు, రొట్టె ఆమె చేతిలోనే మిగిలిపోయింది.

"ఆ గుండె గుర్తు చూశావా?" అని శాసనం చివరి వరుస చూపించింది. "అది చెక్కారంటే కింద నిధుందని అర్థమంట. మొన దిగువకుంటే దిగువనే తవ్వాలంట. మావాడు రెండు నెలల్నించి తవ్వుతున్నాడు. పట్టుబడితే అయిదేళ్లు జైలు. పోలీసులో మ్యూజియం వాళ్లో వస్తే ఈలెయ్యమని నన్ను కాపలా పెట్టాడు."

"అది గుండె కాదమ్మా, తీగ ఆకు. మాటకీ మాటకీ మధ్య ఎడం తెలియడానికి చెక్కేవాళ్లు. దాని కింద రాయే ఉంటుంది."

ఆమె కర్ర కొనతో ఆ ఆకు అంచు తడిమింది. "ఆ మాట వాడికి చెప్పన్నా. నామాట వినడు."

ముళ్లకంప తప్పిస్తే బండ కింద కన్నం, మనిషి పాకితే పట్టేంత. వంగి, ఉన్న సంగతి చెప్పాను.

"మేష్టారూ," అని చీకట్లోంచి జవాబొచ్చింది, "మీకు చదవటం వచ్చు, నాకు తవ్వటం వచ్చు. ఇంతెత్తుకెక్కి ఉత్తి ఆకులు చెక్కటానికి వాళ్లకేం పనిలేదా?"

"మేకలు ఉప్పు ముట్టడం లేదట. కొండ కదులుతుందని మీ అక్క భయపడుతోంది."

"మా ఆవిడ నిన్న చారు ముట్టలేదు. ఇల్లు కూలిందా?"

నా మెడ మీద సన్నటి ఇసుక రాలింది. తల ఎత్తేలోగా కొండలో ఎక్కడో లోతున చిన్న శబ్దం, నిద్రలో ముసలివాడు పళ్లు నూరినట్టు. మేకలన్నీ ఒక్కసారిగా చెవులు నిక్కించాయి.  దోందూ మొహం సున్నం కొట్టినట్టయింది. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా.

సాటిల్మిష్ బల్లిలా పాక్కుంటూ బయటపడ్డాడు, నెత్తి నిండా మట్టి. కంప వెనక నక్కి దిగువకి చూశాడు. రోడ్డు ఖాళీ.

"ఏరీ?"

"లేరు."

"అబద్ధం ఈలా అక్కా?"

"కొండ కదిలిందిరా. బెకిర్ పోయిన రోజున విన్న చప్పుడే."

వాడు మట్టి దులుపుకుంటూ నవ్వాడు. "ఇవాళ్టికి నువ్వే గెలిచావు. ఇంకో మూరెడు తవ్వితే చాలు, రేపు తెల్లారగానే దిగుతా. ఇంక నువ్వెన్ని ఈలలేసినా రాను, నిజంగా వాళ్లొచ్చినా సరే."

 దోందూ నడుముకు కట్టుకున్న మూట విప్పి జున్ను చుట్టిన రొట్టె వాడి చేతికిచ్చింది. వాడు తింటూ ఉంటే మీద నిలబడి, చిన్నపిల్లాడికి చేసినట్టు, జుట్టులోంచి రాళ్లు ఏరింది. తర్వాత బండ మీద మిగిలిన ఉప్పంతా ఊడ్చి సంచిలో పోసుకుంది. తలగుడ్డ బిగించి కట్టుకుంది.

వాళ్ల గుడారాలు ఎగువన. ఆమె దిగువకి తిరిగింది. రెండు మలుపుల అవతల ఉన్నది ఒక్కటే, పోలీసు చౌకీ.

"అక్కా, గుడారాలు పైనున్నాయిగా?" అన్నాడు సాటిల్మిష్ నోట్లో రొట్టెతోనే.

 మేకలు ఒకదాని వెనక ఒకటి ఆమె వెంట కదిలాయి.

"అక్కా."

వాడు నమలడం ఆపేశాడు. ఆమె వాడివంక గానీ నావంక గానీ తిరిగి చూడలేదు. మలుపు దాటేదాకా కర్ర చప్పుడు వినిపించింది, తర్వాత మేకల గంటలు.