షిజుయె సర్దిన పసుపు చెప్పులు

మా భద్రతాధికారి హతానకా గారు మార్చిలో రిటైరవుతున్నారని తెలియగానే మా పరిశోధనశాలలో అందరి గుండెల్లోనూ రాయి పడింది. రేడియోధార్మిక పదార్థాలు వాడే గదికి పట్టా ఉన్న భద్రతాధికారి ఉండితీరాలి. లేకపోతే ఆ గదికి తాళమే. వరి వేళ్ల మీద ఏళ్ల తరబడి సాగుతున్న పనీ ఆగిపోతుంది.

ఆ బరువును మా సహాయకురాలు కువాబారా షిజుయె నెత్తికెత్తుకుంది. యాభై దాటిన మనిషి. రోజూ వీధి మలుపులోని రాతి జిజో స్వామికి దణ్ణం పెట్టుకోనిదే పనిలోకి రాదు. రాత పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఇక పట్నంలో శిక్షణ పూర్తిచేస్తే పట్టా చేతికొస్తుంది.

శిక్షణ చివరి రోజు పని ముగించి, చేతొడుగులు తీసి, చేతులు కడుక్కుంది. రేడియోధార్మికత పట్టే మీటరు కూడా శుభ్రమేనంది. గడప దగ్గర, ఆ గది లోపల మాత్రమే తొడిగే పసుపు చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చూస్తూ ఊరుకోగలదా! ఇంట్లో చేసినట్టే వంగి, జతలు కలిపి, వచ్చేవాళ్లకు వీలుగా తిప్పి పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, చేతులకు తొడుగులు లేవని.

"ఎవరూ చూళ్లేదులే పిన్నీ, పదండి, టీ చల్లారిపోతోంది," అన్నాడు తోటి విద్యార్థి ఒరిహారా.

"దేవుడు చూశాడుగా నాయనా," అని వెనక్కి తిరిగి, "గురువుగారూ, తప్పు చేశాను. ఒట్టి చేతుల్తో చెప్పులు ముట్టుకున్నాను," అంది. పట్టా పోయినట్టేననుకుంది.

నిషివాకి గురువుగారు ఆమె చేతిమీద మీటరు పెట్టారు. టకటకలాడింది. చెప్పుల మీదా అంతే. ఎక్కువ కూసింది ఒరిహారా చెప్పే! అతని బల్ల కింద ఒలికిన చుక్క అప్పుడు బయటపడింది.

"నా పాపం మీ చేతికంటింది పిన్నీ," అన్నాడతను, మొహం కందగడ్డలా చేసుకుని.

"ముందు ఆ నేల తుడిచెయ్. పాపం సంగతి తర్వాత," అంది షిజుయె.

సబ్బుతో చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. మీటరు సద్దుమణిగాక గానీ ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే, ఆ చుక్క మా అందరి ఇళ్లకూ వచ్చేదమ్మా," అంటూ నిషివాకి గారు నవ్వారు. "పట్టా తీసుకో. ఆ వంగుడు మాత్రం ఇంటి దగ్గరే పెట్టుకో!"

మా గదికి తాళం పడలేదు. దేవుడి దయ. గడప దగ్గర షిజుయె ఇప్పటికీ వంగబోయి ఆగుతుంది. చేతొడుగులు వేసుకుని మరీ, ఆ చెప్పులన్నీ సర్దుతుంది.