కిర్రుమనని ముఖం

మా హోటల్లో గిన్నెలు కడిగే ఆవిడను అందరం కిర్రక్క అంటాం. కడిగిన పళ్ళేన్ని బొటనవేలితో రుద్దితే కిర్రుమనాలి. అనకపోతే మళ్ళీ తొట్టిలో పడాల్సిందే. ఇరవై ఏళ్ళలో ఆమె పళ్ళేనికి వంక పెట్టిన మొనగాడు లేడు.

ఆ పిచ్చి ముఖానికీ ఎక్కింది. పనయ్యాక అదే గిన్నెల సబ్బుతో ముఖం తోముకుని, బుగ్గ మీద వేలితో రుద్ది చూసుకునేది. బుగ్గలు కందిపోయి పొట్టు లేచాయి. మంట పుడితే మురికి పోలేదనుకుని ఇంకాస్త తోమేది.

తొట్టి దగ్గర నిలబడితే భోంచేసేవాళ్ళకు కనిపిస్తుంది. అంటురోగం కాదని డాక్టరు రాసిచ్చినా యజమాని వినలేదు.

"తినేవాళ్ళు చీటీ చూస్తారా, ముఖం చూస్తారా? పదిహేను రోజుల్లో తగ్గితే రా. లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను."

వంటవాణ్ణి, జిడ్డు పళ్ళేలతో నేనెక్కడ వేగను? రెండో రోజే వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడ అత్తాకోడళ్ళ పోట్లాట. కోడలిది మందుల షాపులో పని.

"మీరైనా చెప్పండి బాబాయ్. ముఖం కడుక్కోమని ఈ సీసా తెస్తే ముట్టుకోవడం లేదు."

"నురగ లేదు, కిర్రు లేదు. అదేం కడగడం!" అంది అక్క.

"చర్మానికి తన జిడ్డు కాస్త ఉండాలి అత్తయ్యా. లోపలి తడిని ఆపేది అదే. మీ సబ్బు దాన్నీ ఊడ్చేస్తోంది. ఇది పైనున్న మురికిని వదిలించి నీళ్ళతో పోతుంది, చర్మం జోలికి పెద్దగా పోదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, చేరిన మొదటి రోజు నా ఇనప పెనాన్ని ఏం చేశావు?"

ఆమె తల దించుకుంది. సబ్బేసి తెల్లగా తోమేసింది. ఆ రోజు వేసిన ప్రతి ఆమ్లెట్టూ అంటుకుంది, మర్నాటికి పెనం తుప్పు పట్టింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పట్నుంచి దాని నూనె పొర పోకుండా కంటికి రెప్పలా చూసుకుంటోంది.

"మరి నీ ముఖం పళ్ళెమా, పెనమా?"

అక్క సీసా అందుకుని లేచింది. "గోరువెచ్చని నీళ్ళతో! తువ్వాలుతో రుద్దకండి, అద్దండి!" అంటూ కోడలు వెంటపడింది.

గడువు రోజున వచ్చింది. గడ్డం దగ్గర కాస్త ఎరుపు మిగిలింది, అంతే. యజమాని కిటికీ వెలుగులో నిలబెట్టి చూసి, "సరే, తొట్టి దగ్గరికి వెళ్ళు" అన్నాడు.

వెళ్ళి ముందుగా నా పెనం తీసింది. వేడి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచింది.

"ఇన్నేళ్ళూ నీ పెనాన్ని చూసుకున్నంత కూడా నన్ను నేను చూసుకోలేదు తమ్ముడూ" అంది.

ఆ సమయానికి ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి పరువు దక్కింది.