గడువు దాటిన టిక్కెట్టమ్మ

సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసే ఆవిణ్ణి అందరూ టిక్కెట్టమ్మ అనేవాళ్లు. ఆవిడ గొంతెత్తిందంటే వెనక సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు.

అలాంటి మనిషికి ఒక వేసవిలో నిద్ర కరువైంది. మనుషులు చాలక డిపోలో డ్యూటీ మీద డ్యూటీ వేశారు. ఇంటికొచ్చి పడుకున్నా కంటి మీద కునుకు లేదు. కొన్నాళ్లకు బస్సును ప్రతి మలుపులోనూ ఆపించి, రోడ్డు అందరిదీ కదా అంటూ దారిన పోయేవాళ్లని చెయ్యి పట్టి ఎక్కించడం మొదలుపెట్టింది. ఇదేమిటన్న పెద్దమనిషి మీద ఒంటికాలి మీద లేచింది. డిపోవాళ్లు కబురు పెడితే ఆవిడ అన్న వచ్చి మానసిక వైద్యశాలకు తీసుకెళ్లి, చేర్చుకోమని సంతకం పెట్టాడు. అప్పుడు తనకు బాగోలేదన్న సంగతి టిక్కెట్టమ్మ ఏనాడూ కాదనలేదు.

ఇష్టం లేని మనిషిని నెలకు మించి ఉంచడానికి చట్టం ఒప్పుకోదనీ, ఆపైన ఉంచాలంటే మళ్లీ పరీక్ష చేసి, ఇలాంటివి చూసే ప్రభుత్వ బోర్డు అనుమతి తీసుకోవాలనీ ఒక చిన్న డాక్టరు అన్నకు ఆవిడ ఎదుటే చెప్పాడు. తలంతా గజిబిజిగా ఉన్నా ఆ ఒక్క మాట ఆవిడ బుర్రలో నాటుకుంది.

మందులు పనిచేశాయి. నిద్ర పట్టింది, మనిషి తేరుకుంది. నెల నిండిన రోజు పొద్దున్నే తల దువ్వుకుని, బట్టలు సంచిలో సర్దుకుని, వార్డు తలుపు దగ్గర కూర్చుంది. పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారంది నర్సు. ఆయన వచ్చాక, ఇంట్లోవాళ్లు వస్తేనే పంపుతామన్నారు. అన్నకు ఫోను చేస్తే, ఇల్లు ఇరుకు, ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి అన్నాడట. ఇంకేం, అందరూ నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నారు. పరీక్ష చేసినవాడు లేడు, బోర్డును అడిగినవాడూ లేడు.

రెండో నెల గడిచింది. ఒకరోజు కడుపు మండి, అన్నం పళ్లెం గోడకేసి కొట్టింది. ఆవేశం తగ్గలేదని రాసుకుని మందు పెంచారు. నోరు ఎండిపోయి, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది. కోప్పడితే జబ్బు ముదిరిందంటారు, ఊరుకుంటే ఇక్కడ హాయిగానే ఉందంటారు. ఇంక ఆ కోపాన్ని పళ్ల బిగువున దాచుకోవడం నేర్చుకుంది.

పక్క మంచం ముసలావిణ్ణి వార్డంతా పిన్ని అని పిలిచేది. అందరి దుప్పట్లూ ఆవిడే మడతపెట్టేది. కొడుకు తప్పటడుగులు వేస్తున్నప్పుడు వచ్చానని చెప్పుకునేది. ఆ కొడుకు జుట్టు ఇప్పుడు నెరిసింది. మధ్యలో ఒక్కసారి వచ్చి వెళ్లాడట.

"నీకింత తొందరేమిటే అమ్మాయ్?" అంది పిన్ని ఒకరోజు. అప్పుడు మాత్రం టిక్కెట్టమ్మకు నిజంగా భయం వేసింది.

ఆ వారంలోనే, ఏళ్ల తరబడి తనతో బండి నడిపిన డ్రైవరు చూడటానికి వచ్చాడు. చుట్టం కాదని గేటు దగ్గర అడ్డుపెడితే, చెల్లెలని చెప్పి లోపలికొచ్చాడు.

"అన్నా, గడువు దాటిన పాసుతో నేను ఎవర్నైనా కూర్చోనిచ్చానా?" అని అడిగింది ఆవిడ. "మరి నన్నిక్కడ ఏ పాసు మీద కూర్చోబెట్టారో కనుక్కో."

అతను తిన్నగా కోర్టు ఆవరణలో ఉచిత సాయం చేసే లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆ లాయరు నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆవిడ అర్జీ పెడితే, బోర్డువాళ్లు ఆసుపత్రిలోనే ఒక గదిలో కూర్చున్నారు. అనుమతి కాగితం ఏదని లాయరు అడిగింది. లేదు. పని ఒత్తిడిలో చూసుకోలేదన్నాడు పెద్ద డాక్టరు, గొడుగు మరిచిపోయినంత తేలిగ్గా.

"మీరింకా కోపంగా ఉన్నట్టున్నారు," అన్నాడు బోర్డు పెద్ద.

"ఉన్నానండీ. జబ్బు చేసినప్పుడు పట్టి ఉంచినందుకు కాదు. బాగయ్యాక తాళం వేసి, వేసిన సంగతే మరిచిపోయినందుకు. దీనికి కోపం రాకపోతే అప్పుడు ఇవ్వండి నాకు మందు."

వాళ్ల ముందున్న టీ చల్లారకముందే విడుదల రాసేశారు. ఇంత చిన్న పనికి రెండు నెలలు అదనంగా పోయాయి. పొరపాటైందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పైగా, ఇంక సంతోషంగా ఉండమ్మా అని దీవెన.

డ్రైవరు ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకుంది. అన్న వచ్చి తల దించుకుని నిలబడితే కూర్చోమంది. నువ్వు నన్ను చేర్చింది నా మంచికే, మరి రమ్మన్నప్పుడు ఎందుకు రాలేదురా అని మాత్రం అడిగింది. డిపోవాళ్లు ఇదిగో అదిగో అంటూ తిప్పించుకుని, చివరికి డ్యూటీ ఇచ్చారు.

సెలవు రోజుల్లో లాయరు వెంట తిరిగి పిన్ని తరఫున అర్జీ పెట్టించింది. అది రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి పెద్ద డాక్టరు, ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కనాడూ వెళ్తాననలేదని బోర్డుకు చెప్పాడు.

పిన్ని తలెత్తి, "ఎవరైనా అడిగితే కదయ్యా," అంది.

పిన్నిని తలుపులకు తాళాలు వేయని ఒక ఆశ్రమానికి పంపమన్నారు. టిక్కెట్టమ్మ వెంటబెట్టుకుని తీసుకెళ్తున్న ఆటోలో, దుకాణాల పేర్లు పైకి చదువుకుంటూ కూర్చుంది పిన్ని. అన్నీ మారిపోయాయే అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూస్తుంటే టిక్కెట్టమ్మకు సంతోషం కలగలేదు. ఎవరి గొంతు పట్టుకుని అడగాలో తెలియక, దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూనే ఉంది.