మిరపకాయల డ్రయ్యర్ తలుపు తీసిందెవరు?

ఇరవై ఏళ్లు దాటీ దాటని ఆ వయసులో నాకు మనుషుల కన్నా మిషన్ల మీదే నమ్మకం ఎక్కువ. గుంటూరులో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. నా ప్రాజెక్టు, మిరపకాయలు ఎండబెట్టే కరెంటు డ్రయ్యర్‌ని పరీక్షించడం. అంతకుముందు లాబ్‌లో ఏ హీటర్ పెట్టినా పక్కనే ఒక మనిషి థర్మామీటరు పట్టుకుని కూర్చుని వేడి చూసి చెప్పాల్సిందే. ఆ మనిషి మా అటెండరు, అందరికీ బాబాయి. నేను డ్రయ్యర్‌లో సెన్సర్లు పెట్టి, తీగలు కంప్యూటర్‌కి కలిపి, వేడిని దానంతటదే కొలిచి తెర మీద గీత గీసేట్టు చేశాను. "అయితే ఇంక మాతో పనేముందిలే అమ్మాయ్" అని నవ్వాడు బాబాయి. (ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.)

మర్నాటి నుంచి మొదలైంది గోల. చక్కగా సాగుతున్న గీత భోజనాల వేళకి దభీమని పడిపోయేది. కాసేపటికి లేచేది, మళ్లీ పడేది. గీత సాఫీగా రాకపోతే ప్రాజెక్టు ఒప్పుకోనని మా డిపార్టుమెంటు హెడ్డు గారు తేల్చి చెప్పేశారు. ప్రాజెక్టు పోతే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే వచ్చిన ఉద్యోగం కాస్తా పోతుంది. సెన్సర్లు మార్చాను, తీగలన్నీ విప్పి మళ్లీ బిగించాను. ఊహూ! ఇంకెవరు, బాబాయే! పని పోయిందన్న కక్షతో, వేడి బయటికి పోయేట్టు డ్రయ్యర్ తలుపు తీస్తున్నాడు. బాబాయి పెట్టిన టీ కూడా తాగడం మానేశాను. (అందులో ఏం కలుపుతాడో ఎవరికి తెలుసు?)

ఒకరోజు అన్నం మానేసి బీరువా వెనక నక్కాను. తలుపు చప్పుడైంది. వచ్చింది హెడ్డు గారు! అటూ ఇటూ చూసి, డ్రయ్యర్ తెరిచి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించారు. గింజలు గలగలమంటే ఎండినట్టు. "ఊహూ, ఇంకా కాలేదు" అని కాయ లోపల పడేసి వెళ్లిపోయారు. ఆయన వెనకే బాబాయి. అదే కాయ, అదే ఆడించడం. నేను ఒక్క దూకు దూకాను.

"దొరికావా బాబాయ్!"

"దొరకడమేంటి? సారు ఆడిస్తే లేదు గానీ నేను ఆడిస్తే తప్పా? మిరపకాయలు ఎండుతుంటే ఆడించి చూడకుండా ఎట్టా పోతామమ్మా!"

డ్రయ్యర్‌కి తాళం వేసి, తాళంచెవి మెడలో వేలాడేసుకున్నాను.

పరీక్ష రోజుకి గీత నున్నగా వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు ఒంగోలు వైపు పెద్దాయన. గీతని చూశారు, నన్ను చూశారు, మళ్లీ గీతని చూశారు. "ఇంత నున్నగా ఎట్టా వచ్చిందమ్మా? కూర్చుని గీశావా?" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాదని ఎంత మొత్తుకున్నా వినకుండా, "తాళమెందుకు? లోపలేం దాచావ్? తియ్" అన్నారు. తాళం తీశాను. ఆయన తలుపు బార్లా తెరిచి, ఒక కాయ తీసుకుని తీరిగ్గా చెవి దగ్గర ఆడించారు. తెర మీద గీత దభీమని పడింది.

ఏడుపొచ్చేసింది నాకు. ఆయన మాత్రం తలుపు మూశారు, గీత లేచింది. తెరిచారు, పడింది. "నిజంగానే కొలుస్తుందే!" అని నవ్వి సంతకం పెట్టేశారు. వెనక నుంచి బాబాయి గొంతు: "మేం చేసిందీ అదేగా అమ్మాయ్!" ఆ రోజు బాబాయి పెట్టిన టీ రెండు గ్లాసులు తాగాను.

ఇప్పుడు నేనూ హీటర్లు పరీక్షించే చోటే పని చేస్తున్నాను. కుర్ర ఇంజనీర్లు మురిసిపోతూ నున్నటి గీత తెచ్చి చూపిస్తారు. నేను వాళ్లనొకసారి, గీతనొకసారి చూసి, లేచి వెళ్లి తలుపు తీస్తాను. "అయ్యో మేడమ్!" అని వాళ్లు గోల పెడుతుంటే, ఆ గోల నాకు ఒకప్పటి నా గొంతులాగే వినిపిస్తుంది.